నొప్పి లేని రోజున కూడా జబ్బు పని చేస్తూనే ఉంటుంది



సికిల్ సెల్ మీద మన గ్రూపులో ఇప్పటికే చాలా పోస్టులు వచ్చాయి. పరీక్ష చేయించుకోండి, కార్డు తీసుకోండి, పెళ్ళికి ముందు ఇద్దరి కార్డులూ చూసుకోండి అని. అవన్నీ అవసరమే. నేను మాత్రం ఇవాళ వేరే మాట రాస్తున్నా. మనమూ, మన హాస్టళ్ళూ, మన ఆసుపత్రులూ సికిల్ సెల్‌ను నొప్పి వచ్చే జబ్బుగానే చూస్తున్నాం. నొప్పి వస్తే జబ్బు వచ్చినట్టు, నొప్పి తగ్గితే జబ్బు పోయినట్టు లెక్క. ఈ లెక్క తప్పని ప్రయోగశాలలు ఎప్పుడో తేల్చాయి. నొప్పి లేని రోజున కూడా ఈ జబ్బు రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తూనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి బాగా అర్థమైతే మనం ప్రభుత్వాన్ని అడగాల్సినవి మారతాయి, మనం ఇంట్లో చెయ్యాల్సినవీ మారతాయి. కొంచెం పొడుగు పోస్టు. ఓపిగ్గా చదవండి.

నేను బీఎస్సీ చదువుతున్నా, బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మా చెల్లికి సికిల్ సెల్ జబ్బు ఉంది. మా పుస్తకంలో దాని గురించి ఉన్నది ఒక్క పేరా. మిగతాదంతా మా జువాలజీ మేడంని అడిగి, లైబ్రరీలో కూర్చుని, ఫోన్‌లో చదివి తెలుసుకున్నా. తెలుసుకున్నాక ఊరుకోబుద్ధి కాలేదు.

గొట్టం కాదు, బతికున్న గోడ

ముందు అందరికీ తెలిసింది. హిమోగ్లోబిన్‌లో ఒక్క చిన్న మార్పు వల్ల ఈ జబ్బు వస్తుంది. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ ఉంటుంది. అంతే తేడా. ఆక్సిజన్ వదిలేశాక ఆ హిమోగ్లోబిన్ పోగులు పోగులుగా అతుక్కుని ఎర్ర కణాన్ని కొడవలిలా వంచేస్తుంది. మామూలు ఎర్ర కణం 120 రోజులు బతుకుతుంది. ఇది 10 నుంచి 20 రోజులకే పగిలిపోతుంది. అందుకే రక్తం తక్కువ, కళ్ళు పచ్చబడటం.

మరి నొప్పి ఎందుకు? వాగులో కొట్టుకొచ్చిన దుంగలు కల్వర్టు కింద ఇరుక్కున్నట్టు, వంగిన కణాలు సన్న రక్తనాళంలో ఇరుక్కుంటాయని మనకు చెప్తారు. అది సగం నిజం. కల్వర్టు సిమెంటు గొట్టం, దానికి ప్రాణం లేదు. రక్తనాళానికి ఉంది.

గుండె నుంచి వెంట్రుక కంటే సన్నని నాళం దాకా, ప్రతి రక్తనాళం లోపల ఒకే ఒక్క వరుస కణాల పొర ఉంటుంది. దాన్ని ఎండోథీలియం అంటారు. మన ఇళ్ళ మట్టిగోడకు అలుకు ఎలాగో అలా పరుచుకుని ఉంటుంది. చాలాకాలం దాన్ని ఉత్త అలుకులాగే చూశారు. 1980లో అమెరికాలో రాబర్ట్ ఫుర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త కుందేలు రక్తనాళపు ముక్కలతో ఒక ప్రయోగం చూపించాడు. ఎసిటైల్‌కోలీన్ అనే రసాయనం వేస్తే ముక్క వదులవ్వాలి. లోపలి పొర ఉన్న ముక్క వదులైంది. ఆ పొరను రుద్దేసిన ముక్క వదులవ్వలేదు. అంటే వదులవ్వమని కబురు పంపేది ఆ పొరే. ఆ కబురు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు అని తర్వాత తేలింది. 1998లో ఫుర్చ్‌గాట్‌కు, ఇంకో ఇద్దరికి దీనికే నోబెల్ వచ్చింది. రక్తనాళాన్ని వదులుగా ఉంచడం, కణాలు గోడకు అంటుకోకుండా చూడటం, రక్తం ఊరికే గడ్డకట్టకుండా ఆపడం, ఇవన్నీ ఆ ఒక్క వరుస కణాల పని.

బొడ్డుతాడు నుంచి వచ్చిన జవాబు

బతికున్న మనిషి రక్తనాళం లోపలి పొరను బయటకు తీసి చూడలేం కదా. మరి దాన్ని ఎలా చదివారు? ఈ సంగతి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. 1973లో న్యూయార్క్‌లో ఎరిక్ జాఫీ, ఆయన తోటివాళ్ళు కాన్పు తర్వాత మిగిలిన బొడ్డుతాడు తీసుకున్నారు. అందులోని సిరను ఒక ఎంజైముతో కడిగి, లోపలి పొర కణాలను ఊడదీసి, గాజు గిన్నెలో పెంచారు. ఇవాళ్టికీ ప్రపంచం అంతా రక్తనాళాల పరిశోధనకు ఎక్కువగా వాడేది ఆ బొడ్డుతాడు కణాలే. మా గూడెంలో బొడ్డుతాడును ఇంటి దగ్గరే పాతిపెడతారు, పిల్లకీ ఊరికీ ముడి అని. ఆ తాడులోని కణాలే మనలాంటి వాళ్ళ జబ్బు గుట్టు విప్పాయి.

ఎలాగంటే, గిన్నెలో పెరిగిన పొర మీద మామూలు ఎర్ర కణాలు పోస్తారు, కడుగుతారు, ఎన్ని అంటుకున్నాయో లెక్కపెడతారు. తర్వాత సికిల్ సెల్ మనిషి కణాలతో అదే చేస్తారు. 1980లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హెబ్బెల్ బృందం ఈ లెక్క ప్రచురించింది. సికిల్ సెల్ కణాలు మామూలు వాటికంటే ఎక్కువ అంటుకున్నాయి. ఇంకో ముఖ్యమైన మాట, ఎవరి కణాలు ఎక్కువ అంటుకుంటున్నాయో వాళ్ళకే జబ్బు ఎక్కువ తీవ్రంగా ఉంది. అంటే కణం వంగడం ఒక్కటే కాదు, గోడకు అంటుకోవడం కూడా జబ్బే.

1997లో అదే బృందం ఇంకో అడుగు వేసింది. ఈసారి రోగుల రక్తంలోనే వెతికారు, గోడ నుంచి ఊడిపోయి రక్తంలో తిరుగుతున్న లోపలి పొర కణాలు ఎన్ని ఉన్నాయని. జబ్బు లేనివాళ్ళలో ఒక మిల్లీలీటరు రక్తానికి సగటున మూడు లోపే. నొప్పితో ఉన్న సికిల్ సెల్ రోగుల్లో ఇరవై దాటాయి. ఇది ఎవరైనా ఊహిస్తారు. కానీ నొప్పి ఏమీ లేకుండా మామూలుగా తిరుగుతున్న రోగుల్లో కూడా సుమారు పదమూడు కనిపించాయి. పైగా ఊడిన ఆ కణాల మీద, మంట పుట్టినప్పుడు కనిపించే అంటుకునే గుర్తులు ఉన్నాయి.

ఆగి ఈ లెక్క ఇంకోసారి చదవండి. నొప్పి లేని రోజున, నవ్వుతూ తిరిగే రోజున కూడా లోపల గోడ ఊడుతోంది. నా పోస్టు మొత్తం ఈ ఒక్క లెక్క మీదే నిలబడి ఉంది.

ఎందుకు ఊడుతోందో కూడా తర్వాత తేలుతూ వచ్చింది. పగిలిన ఎర్ర కణాల నుంచి హిమోగ్లోబిన్ రక్తంలోకి కారిపోతుంది. అది గోడ తయారుచేసే నైట్రిక్ ఆక్సైడ్‌ను మింగేస్తుందని 2002లో చూపించారు. దాంతో నాళం బిగుసుకుంటుంది. ఆ హిమోగ్లోబిన్‌లోంచి విడిపోయిన హీమ్ అనే ముక్క గోడ కణాలను నేరుగా రెచ్చగొడుతుందని, లోపల దాచి ఉంచిన పి-సెలెక్టిన్ అనే జిగురు లాంటి ప్రోటీన్‌ను బయటకు తెప్పిస్తుందని 2014లో ఎలుకల మీద చూపించారు. ఎర్ర కణాలు రోజూ పగులుతూనే ఉంటాయి కదా. అంటే గోడకు రోజూ దెబ్బే. నొప్పి అనేది ఆ దెబ్బలన్నీ పోగుపడి ఒక రోజు బయటపడటం. కొన్నిసార్లు నొప్పి లేకుండానే మూత్రపిండాల్లో, కంటి లోపల, మెదడులో బయటపడుతుంది.

మలేరియా కూడా ఆ గోడ దగ్గరే

మన ప్రాంతాల్లోనే ఈ జన్యువు ఎందుకు ఎక్కువ? ఒక్క సికిల్ జన్యువు ఉన్నవాళ్ళకు, అంటే వాహకులకు, ప్రాణాంతక మలేరియా నుంచి రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో చూపించాడు. మలేరియా తిరిగే అడవుల్లో బతికిన మన పెద్దలకు అది కవచం అయ్యింది. ఫాల్సిపేరమ్ మలేరియా మెదడుకు ఎక్కడం అంటే ఏంటో తెలుసా? పురుగు ఉన్న ఎర్ర కణాలు మెదడు రక్తనాళాల లోపలి పొరకు అంటుకోవడమే. ఏజెన్సీలో మనల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకున్న జబ్బు, మన రక్తంలో ఉన్న జబ్బు, రెండూ ఆ గోడ దగ్గరే దెబ్బ కొడుతున్నాయి. కాబట్టి ఈ పరిశోధన ఎవరిదో పెద్ద ఊరి సంగతి అనుకోకండి. ఒక జాగ్రత్త కూడా: రెండు జన్యువులూ ఉన్న రోగికి ఆ కవచం పని చెయ్యదు. వాళ్ళకు మలేరియా వస్తే ఇంకా ప్రమాదం.

నాటకం అన్నవాళ్ళకు

మా చెల్లి ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. బాగున్న రోజుల్లో అందరికంటే ముందు పరిగెడుతుంది. ఒకసారి పండగ ముందు రోజు సాయంత్రం కోలాటం ఆడింది, తెల్లారేసరికి కాళ్ళు కదపలేక ఏడుస్తూ పడుకుంది. "నిన్న ఎగిరింది, ఇవాళ నొప్పంట, స్టడీ అవర్ ఎగ్గొట్టడానికి నాటకం" అన్నారు అక్కడ. చలికాలం పొద్దున్నే చన్నీళ్ళ స్నానం చేయించి వరండాలో నిలబెట్టారు. చలి ఈ జబ్బుకు శత్రువు. చలికి నాళాలు బిగుసుకుంటాయి, నొప్పి తన్నుకొస్తుంది. ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ ఇంకో మాట: "సూదికి అలవాటు పడ్డారు." మా గూడెంలో పెద్దవాళ్ళు గాలి సోకిందన్నారు. వాళ్ళను నేను ఏమీ అనను, వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. జీతం తీసుకుని చదువు చెప్పేవాళ్ళు, వైద్యం చేసేవాళ్ళు అనడమే నన్ను కాల్చింది.

నిన్న ఆడిన పిల్లకు ఇవాళ నొప్పి ఎలా వస్తుందో పైన చదివారు కదా. బాగున్న రోజు కూడా గోడ మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి. అలసట, చలి, నీళ్ళు తాగకపోవడం, జ్వరం, వీటిలో ఏదో ఒకటి చాలు. నిన్న ఆడటం ఇవాళ్టి నొప్పికి అబద్ధపు సాక్ష్యం ఏమీ కాదు. ఇకమీద ఎవరైనా మన పిల్లల్ని నాటకం అంటే, నాలుగు దశాబ్దాల ప్రయోగాలు వాళ్ళ ముందు పెట్టండి.

మందు ఉంది, రోజూ మింగాలి

హైడ్రాక్సీయూరియా అనే మాత్ర గురించి వినే ఉంటారు. పుట్టబోయే బిడ్డలో ఉండే రకం హిమోగ్లోబిన్‌ను అది పెంచుతుంది, దాంతో కణాలు వంగడం తగ్గుతుంది. తెల్ల కణాలనూ, గోడకు అంటుకోవడాన్నీ తగ్గిస్తుంది. 1995లో అమెరికాలో 299 మంది పెద్దవాళ్ళ మీద చేసిన పరీక్షలో నొప్పి దాడులు ఏడాదికి 4.5 నుంచి 2.5కు తగ్గాయి. 1998లో అక్కడ అనుమతి వచ్చింది. మన దేశంలో నిత్యావసర మందుల జాబితాలో ఉంది.

అయినా మనవాళ్ళు చాలామంది రెండు నెలలు వాడి ఆపేస్తున్నారు. ఎందుకు? "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని. జ్వరం మాత్రలాగా నొప్పికి మాత్ర అనుకుంటున్నారు. ఇది నొప్పి లేని రోజు కోసం ఉన్న మందు. బాగున్న రోజు మింగితేనే లోపలి పొరకు కాస్త ఊపిరి. అయితే సొంతంగా కొనుక్కుని మింగేది కాదు. డాక్టరు రాయాలి, మధ్యమధ్యలో రక్త పరీక్ష చేసి కణాల లెక్క చూడాలి, గర్భం విషయం డాక్టరుకు ముందే చెప్పాలి.

పిల్లలకు ఇంకో పరీక్ష ఉంది. మెదడు రక్తనాళాల్లో రక్తం ఎంత వేగంగా పోతోందో తలకు పెట్టి చూసే డాప్లర్ స్కాన్. వేగం ఎక్కువుంటే పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ. అలాంటి పిల్లలకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తే ఆ ప్రమాదం 90 శాతం పైగా తగ్గిందని 1998లో తేలింది. ఏ నొప్పీ లేనప్పుడే, ఏమీ కాకముందే చెయ్యాల్సిన పరీక్ష ఇది. మన ఏజెన్సీలో ఎంతమంది తల్లిదండ్రులు ఈ పేరు విన్నారు?

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధానమంత్రి జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టారు. 2047 కల్లా నిర్మూలన, ఆదివాసీ ప్రాంతాల్లో 7 కోట్ల మందికి పరీక్షలు అన్నారు. పరీక్షలు మంచిదే, నేను కాదనను. కానీ పరీక్షల లెక్క, కార్డుల లెక్క వేరు. పుట్టేసిన పిల్ల, ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్ల లోపల రోజూ జరుగుతున్న నష్టం లెక్క వేరు. కార్డు జబ్బు పేరు చెప్తుంది. గోడను కాపాడదు.

"డోలీలు మోసేచోట ప్రయోగశాల ముచ్చట్లా?"

ఈ మాట ఎవరో ఒకరు అంటారని తెలుసు. గర్భిణిని డోలీలో మోసుకెళ్తున్న ఊళ్ళున్నాయి, నువ్వు ఎండోథీలియం అంటావేంటి అని. నా జవాబు: రోడ్డు లేనిచోటే ఈ సంగతి ఇంకా ముఖ్యం. నొప్పి వచ్చాక వాగు దాటి ఆసుపత్రికి పోవడం కష్టం కాబట్టే, నొప్పి రాకముందు రోజుల్లో మాత్ర ఇంటికి చేరాలి. రోడ్డు కోసం కొట్లాడదాం, మాత్ర కోసం కూడా కొట్లాడదాం. ఒకటి అయ్యేదాకా ఇంకోటి ఆగక్కర్లేదు.

ఇంకో అభ్యంతరం: "మన రక్తం పట్టుకెళ్తారు, పేపర్లు రాసుకుంటారు, మనకు ఏం మిగిలింది?" ఇందులో నిజం ఉంది. మన దేశంలో సికిల్ జన్యువును మొదట గుర్తించింది 1952లో నీలగిరి కొండల ఆదివాసీల రక్తంలోనే. డెబ్బై ఏళ్ళు దాటింది. అయినా పరిశోధన వద్దు అనడం దారి కాదని నా అభిప్రాయం. ఒక ఉదాహరణ చూడండి. గోడ మీది పి-సెలెక్టిన్‌ను అడ్డుకునే క్రిజాన్లిజుమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2019లో అమెరికా అనుమతి ఇచ్చింది. ముందు పరీక్షలో నొప్పి దాడులు దాదాపు 45 శాతం తగ్గాయి. తర్వాతి పెద్ద పరీక్షలో ఆ లాభం కనిపించలేదు, 2023లో యూరప్ అనుమతి వెనక్కి తీసుకుంది. గిన్నెలో పనిచేసింది, ఎలుకలో పనిచేసింది మనిషిలో పనిచేస్తుందని హామీ లేదు. ఒకచోటి మనుషుల్లో పనిచేసింది మనలో అంతే పనిచేస్తుందనీ లేదు. మన వైపు సికిల్ జన్యువు ఎక్కువగా అరబ్-ఇండియన్ రకం, ఆఫ్రికా రకాలకు కొంచెం తేడా. దాన్ని చూసి "మీది తేలిక జబ్బు" అనేవాళ్ళున్నారు. తేలికో కాదో మా చెల్లిని అడగండి. మన రక్తనాళాల్లో ఏం జరుగుతోందో మన మధ్యే చూడాలి, మన సమ్మతితో చూడాలి, ఫలితం మన భాషలో మనకు తిరిగి చెప్పాలి. ఆదివాసీల మీద పరిశోధనకు ప్రత్యేక జాగ్రత్తలు ఉండాలని, ప్రతి మనిషి సమ్మతీ తీసుకోవాలని 2017 ఐసీఎంఆర్ నియమాలే చెప్తున్నాయి.

అడగాల్సినవి, చెయ్యాల్సినవి

ఐటీడీఏకు, జిల్లా వైద్యాధికారులకు మనం సంఘంగా పెట్టాల్సినవి నాకు తోచినంతవరకు ఇవి:

1. ప్రతి పీహెచ్‌సీలో హైడ్రాక్సీయూరియా నెల నెలా ఉండాలి. "స్టాకు లేదు, వచ్చే నెల రండి" అనే మాట ఉండకూడదు. వానాకాలం దారులు తెగే ఊళ్ళకు ముందే మూడు నెలల మందు, మధ్యలో ఏఎన్ఎం ద్వారా రక్త పరీక్ష.

2. సికిల్ సెల్ ఉన్న పిల్లలకు ఏడాదికోసారి మూత్రం, కళ్ళ పరీక్ష, చిన్నపిల్లలకు డాప్లర్ స్కాన్. బస్సు ఛార్జీలతో సహా.

3. ప్రతి ఆశ్రమ పాఠశాల, హాస్టల్‌లో ఈ పిల్లల జాబితా వార్డెన్ దగ్గర ఉండాలి. వేడి నీళ్ళు, దుప్పటి, తాగడానికి ఎప్పుడంటే అప్పుడు నీళ్ళు. ఎండలో, చలిలో నిలబెట్టే శిక్షలు పూర్తిగా బంద్. నొప్పి రోజుల హాజరు కోత వద్దు.

4. నొప్పితో వచ్చిన రోగిని అనుమానించకుండా వెంటనే నొప్పి తగ్గించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ కూడా ఉంది. ఇది దయ కాదు, హక్కు.

మనం చెయ్యాల్సినవి కూడా ఉన్నాయి. ఇంట్లో రోగి ఉంటే "బాగున్నావు కదా" అని మాత్ర ఆపించకండి. వాహకులను రోగులని పిలవకండి, వాళ్ళు రోగులు కారు. కార్డు చూసి ఆడపిల్లను తక్కువ చెయ్యకండి, జన్యువు అమ్మ నుంచీ నాన్న నుంచీ వస్తుంది. ఇంటర్ బైపీసీ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు డాక్టరు సీటు ఒక్కటే సైన్సు అనుకోకండి. ల్యాబ్ టెక్నీషియన్, నర్సింగ్, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ కూడా మనకు కావాలి. గిన్నెలో కణాలు పెంచి, మైక్రోస్కోపులో చూసి, లెక్కపెట్టే పని మన చేతులకు రానిది ఏమీ కాదు. ఆ బల్ల దగ్గర మనవాళ్ళు ఒక్కరైనా కూర్చుంటే, మన గూడెంలో నొప్పితో ఏడ్చే పిల్లను నాటకం అనే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఈ వారం ఒక్క పని చెయ్యండి. మీ ఊళ్ళో, మీ హాస్టల్‌లో సికిల్ సెల్ ఉన్నవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో రోజూ మాత్ర వాడుతున్నది ఎంతమంది, ఆపేస్తే ఎందుకు ఆపేశారు, పేర్లు రాయకుండా లెక్క మాత్రం కామెంట్‌లో పెట్టండి. ఆ లెక్క పట్టుకుని అందరం కలిసి ఐటీడీఏకు పోదాం. నొప్పి వచ్చినప్పుడు ఏడుస్తూ పోవడం మనకు అలవాటే. ఈసారి నొప్పి లేని రోజునే పోదాం.

జై ఆదివాసీ. జోహార్.